దొంతికొండ నిద్ర

తవుడు కళ్లు తెరిచినప్పుడు పట్టపగలు. వెలుతురు ఒక్కసారిగా పడితే చూపు పోతుందేమోనని డాక్టర్ హైమవతి కిటికీలన్నిటికీ గోనెపట్టాలు కట్టించింది. మూతపడిన ఐసు ఫ్యాక్టరీని ఆమె తన ప్రయోగశాలగా మార్చుకుంది. ఒకప్పుడు ఐసు దిమ్మలు గడ్డకట్టిన తొట్టెలో ఇప్పుడు గోరువెచ్చని ఉప్పునీళ్లున్నాయి. ఆ నీళ్లలో తవుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒంటికి అంటిన బంకమట్టి పొరలు పొరలుగా కరిగి పోతోంది. మెడ నరంలోకి మందు ఎక్కించి నాలుగు గంటలైంది.

తొట్టె అంచు పట్టుకుని పైడమ్మ నిలబడి ఉంది. అరవై మూడేళ్ల మనిషి. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. ఒకప్పుడు నలభై తుపాకులతో పులిగొంది కనుమను పదకొండు రోజులు కాపాడిన మనిషి ఆమె.

తవుడు ఛాతీ ఒక్కసారి లేచింది. దగ్గాడు. మట్టినీళ్లు కక్కాడు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆమె తన చేత్తో మట్టి కప్పిన రోజున ఎలా ఉన్నాడో, ఇప్పుడూ అలాగే ఉన్నాడు. అదే ఇరవై నాలుగేళ్ల ముఖం. మోచేతి మీద ఆనాటి తూటా గీరిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

వాడు కళ్లు తెరిచి ఆమెను చాలాసేపు చూశాడు.

"అమ్మా," అన్నాడు.

ఆ అక్కాతమ్ముళ్ల అమ్మ పోయి నలభై ఏళ్లు దాటింది. పైడమ్మ ముందుకు వంగింది. "అమ్మ కాదురా తవుడా. నాను. పైడప్పని."

ఆ గొంతు వినగానే వాడు తొట్టెలో వెనక్కి జరిగి, తడిచేతులతో చెవులు రెండూ గట్టిగా మూసుకున్నాడు. మందు మత్తు ఇంకా వదల్లేదని అనుకున్నారు ఆడవాళ్లిద్దరూ.

దొంతికొండ అంటే ఒక్క కొండ కాదు. కుండల దొంతిలా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఏడు కొండలు. వాటి మీద అరవై గడపల జనం జొన్న, సామ పండించుకుంటూ బతికేవాళ్లు. గనుల కోసం సైన్యం వచ్చినప్పుడు పోరాడిన దళానికి పైడమ్మ నాయకురాలు. తమ్ముడైన తవుడే కాదు, అందరూ ఆమెను పైడప్ప అనే పిలిచేవాళ్లు. ఆమె రమ్మంటే వచ్చేవాళ్లు, ఆగమంటే ఆగేవాళ్లు.

రెండేళ్లు పోరాడాక తిండీ తూటాలూ అయిపోయాయి. నాలుగు వైపులా సైన్యం. చంటిపిల్లలనీ ముసలివాళ్లనీ గాయపడ్డవాళ్లనీ దాటించే దారి లేదు. అప్పుడు, వాళ్లతోపాటే కొండ మీద ఉండిపోయిన డాక్టర్ కామేశం ఒక ఎండిన మట్టిగడ్డ తెచ్చి పైడమ్మ ముందు పగలగొట్టాడు. లోపల ఎండుటాకులా ఒక కప్ప ఉంది. దాన్ని చెంబునీళ్లలో వేసి మాట్లాడుతూ కూర్చున్నాడు. మాటలు పూర్తయ్యేలోగా కప్ప కాలు తన్నింది.

"వాగు ఎండిపోయినన్నాళ్లు ఇది చావదు, పెరగదు, ముసలిదీ కాదు. ఆగిపోతుంది, అంతే. ఆ ఆపే రసం నేను తీయగలిగాను, పైడమ్మా. వానాకాలం వచ్చి సైన్యం దిగిపోయేదాకా మీవాళ్లని ఆపి ఉంచవచ్చు."

"నొప్పుంటదా డాట్రుబాబూ?"

"నిద్రలాంటిదే," అన్నాడు ఆయన. అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసింది అంతే.

నూట ఎనభై తొమ్మిది మందిని మూడు గుహల్లో పడుకోబెట్టారు. ఒక్కొక్క గుహ చోటు ఒక్కొక్కరికే తెలియాలని పైడమ్మ నియమం పెట్టింది. ఒకరు పట్టుబడి నోరు విప్పినా ఒక గుహే పోతుందని ఆమె లెక్క. మొదటిది తనది. రెండోది గౌరునాయుడిది. మూడోది అసిరయ్యది. ఆరేళ్ల తన కూతురు చిలకమ్మను అసిరయ్య చేతిలో పెట్టింది. కూతురు ఎక్కడుందో తనకే తెలియకపోతే, ఎంత కొట్టినా తాను చెప్పగలిగేదేమీ ఉండదు కదా. వెళ్లేముందు పిల్ల జుట్టు నిమిరి, "వాన పడగానే వొచ్చి నిద్దర నేపుతాను," అంది. మొదటి గుహలోనూ, ఒక్కొక్కరి మీదా మట్టి కప్పుతూ, అదే మాట చెప్పింది.

నాలుగో రోజున పట్టుబడింది. ఆ కాల్పుల్లోనే దళంలో చాలామందీ, కామేశమూ పోయారు. లేపే మందు సీసాలన్నీ ఆయన సంచిలోనే పగిలిపోయాయి. గౌరునాయుడు జైల్లో పక్క గదిలో జ్వరంతో పోతూ, గోడ సందులోంచి రెండో గుహ ఆనవాళ్లు చెప్పాడు. అసిరయ్య ఏమయ్యాడో ఎవరికీ తెలియలేదు.

ఇరవై ఏళ్లకు పైడమ్మ బయటికి వచ్చింది. వచ్చిన వారానికే కామేశం కూతురు హైమవతిని వెతికి పట్టుకుంది. తండ్రి రాతలు రెండు కాగితాలే మిగిలాయి. ఆ రెండు కాగితాలూ, తొట్టెలనిండా కప్పలూ పెట్టుకుని, లేపే మందును మళ్లీ తయారు చేయడానికి హైమవతికి పదకొండేళ్లు పట్టింది. ఈలోగా పైడమ్మ అసిరయ్య కోసం కాలినడకన వెతకని సంత లేదు. మందు చేతికొచ్చేదాకా గుహల చోటు ఎవరి కంటా పడకూడదని కొండల వైపు మాత్రం అడుగు పెట్టలేదు.

మూడో రోజున తవుడు అన్నం తిన్నాడు. కానీ కప్పు కింద ఉండనన్నాడు. ఫ్యాక్టరీ పెరట్లో, మండుటెండలో, రాయి మీద కూర్చున్నాడు. పైడమ్మ మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది.

"నోపలకి రారా. వొళ్లు కాలిపోద్ది."

"కాలనీ," అన్నాడు. కాసేపటికి తల ఎత్తకుండానే, "అప్పా, నాను నిద్దరోలేదు," అన్నాడు.

"మూడ్రోజుల్నించా?"

"మట్టికప్పినకాడ్నించి."

పైడమ్మకు అర్థం కాలేదు. వాడు నేల వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పుకుపోయాడు. ఒళ్లు కదల్లేదు. కళ్లు తెరుచుకోలేదు. ఊపిరి కూడా లేదు. చెవులు మాత్రం ఉన్నాయి. మొదట్లో నీటిబొట్లు లెక్కపెట్టాడు. ఏదో జంతువు వచ్చి గుహలో పిల్లల్ని పెట్టింది. కొన్నాళ్లకు అవి వెళ్లిపోయాయి. దూరంగా కొండలు పేల్చే చప్పుడు ఏళ్ల తరబడి వినిపించి ఆగిపోయింది.

"మొన్న నన్ను తియ్యడానికి నువ్వొచ్చినావు. డాట్రమ్మతోటి, 'తల జాగర్త, మెడ పట్టు' అన్నావు. ఆ గొంతు నీదని పోల్చినాను."

ఆ మాటలు ఆమె అన్నవే. అప్పుడు గుహలో తనూ హైమవతీ తప్ప మెలకువగా ఎవరూ లేరు.

"మొదట్లో నువ్వొస్తావని మొక్కుకున్నాను. తరవాత ఆ కప్పు కూలిపోవాలని మొక్కుకున్నాను," అన్నాడు తవుడు. మజ్జిగ తీసుకుని తాగాడు. "మిగతావోలు గుహలో ఇంకా సెవులొగ్గి ఇంటన్నారప్పా."

పైడమ్మ లోపలికి వెళ్లి హైమవతికి చెప్పింది. హైమవతి కప్పల తొట్టె దగ్గరికి వెళ్లింది. తొట్టెలోంచి ఒక మట్టిగడ్డ తీసి, లోపలి కప్పకు వెంట్రుకంత సన్నని తీగలు రెండు గుచ్చి, మెదడు కదలికలు గీసే యంత్రానికి కలిపింది. తెర మీద గీత చదునుగా సాగింది. ఆమె చిటిక వేసింది. గీత ఉలిక్కిపడింది. ఆగి, మళ్లీ చిటిక వేసింది. మళ్లీ లేచింది.

"పదకొండేళ్లు వీటి గుండెనే చూశాను," అంది హైమవతి. "ఒక్కసారైనా పిలిచి చూడాలని తోచలేదు." చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. "నాన్నగారు నిద్ర అన్నారు కదా. నేనూ నిద్రే అనుకున్నాను."

"మందు ఎంతమందికుంది?"

"వారానికి ఇరవై మందికి చేయగలను. అంతకంటే తొందరగా కుదరదు, పైడమ్మగారూ."

మొదటి గుహలో ఇంకా అరవై తొమ్మిది మంది ఉన్నారు. వారానికి ఇరవై మందే అని తెలియగానే తవుడు లేచి గుహకు వెళ్లాడు. ఏ చీకట్లోంచి వచ్చాడో ఆ చీకట్లోనే మళ్లీ కూర్చుని, ఒక్కొక్క మట్టిదిబ్బ దగ్గరా వంగి ఎవరి వంతు ఎప్పుడో చెప్పాడు. "నాను తవుడిని. బయటికెల్లి వొచ్చినాను. నీ వొంతు ఇంక తొమ్మిది దినాలు." మర్నాడు ఎనిమిది అన్నాడు.

నాలుగు వారాల్లో అరవై తొమ్మిది మందినీ తెచ్చి కడిగారు. ఎనిమిది మంది లేవలేదు. లేచినవాళ్లలో పదకొండు మంది మాట్లాడలేదు. మిగిలినవాళ్లు పైడమ్మ దగ్గరికి వచ్చేవాళ్లు కారు. ఆమె గంజి తెస్తే తీసుకునేవాళ్లు, ఆమె మాట్లాడితే మాత్రం ముఖం తిప్పుకునేవాళ్లు. మట్టి మూతపడే ముందు ప్రతి ఒక్కరూ ఆఖరిసారి విన్నది ఆమె గొంతే. ముప్పై ఒక్క ఏళ్లు చీకట్లో వాళ్ల చెవుల్లో తిరిగిందీ అదే.

ఒక ఉదయం గేటు దగ్గర పదిహేను మంది మూటలతో నిలబడ్డారు.

"ఎక్కడికి?" అంది పైడమ్మ. కనుమలో తుపాకుల మధ్య పలికిన పాత గొంతు దానంతటదే వచ్చింది. "ఆగండి. ఇంకా రెండు గుహల జనం రావాల. అందరం కలిసి మల్లీ కొండెక్కాల."

వాళ్లు వణికి ఆగిపోయారు. వాళ్ల కాళ్లు ఇంకా ఆ గొంతుకు లొంగుతున్నాయి. అది చూసి ఆమే ఒక అడుగు వెనక్కి వేసింది.

సూరమ్మ అనే మనిషి ముందుకు వచ్చింది. ఒకప్పుడు పైడమ్మకు దళంలో కుడిభుజం. గాయంతో గుహకు చేరింది. ఆమెకింకా ముప్పై ఏళ్లే.

"అప్పా, గుర్తెట్టుకుని వొచ్చినావు. కాదనను. కానీ అంతమందిమి పక్కపక్కన పడున్నాం. నా పక్కన ఉన్నదాని వొంట్లో పానం ఉందో నేదో తెల్దు. మల్లీ అందర్తో కలిసుండమనకు. మాకు ఆకాశం గావాల. గోడ నేని సోటు గావాల. దారొదిలీ."

పైడమ్మ గేటు తీసింది. నెల తిరిగేలోగా తవుడూ, మాట రాని పదకొండు మందీ తప్ప అందరూ తలొక దిక్కుగా మైదానాల్లోకి వెళ్లిపోయారు. సైన్యం కూడా చెదరగొట్టలేని జనం తన కళ్ల ముందే చెదిరిపోయింది.

రెండో గుహకు తవుడిని వెంటబెట్టుకుని వెళ్లింది. గౌరునాయుడు చెప్పిన రెండు బండలు దొరికాయి. వాటి వెనక కొండ సగమే ఉంది. గని కోసం పేల్చిన రాళ్లు గుహ నోటి మీద తాటిచెట్టంత ఎత్తున పడి ఉన్నాయి. గని మూసేసి పదిహేనేళ్లయింది. రాళ్ల మధ్య చెట్లు కూడా లేచాయి. లోపల యాభై ఎనిమిది మంది.

తవుడు ఆ రాళ్లను చూసి, "మొదట్నోనే కూలుంటే బాగున్ను," అన్నాడు. ఇద్దరూ దిగి వచ్చారు.

ఆ తర్వాత పది రోజులకు ఫ్యాక్టరీకి ఒక ముసలాయన వచ్చాడు. ఒంటినిండా మేకల వాసన. సూరమ్మ ఎక్కడో బయలు దారిలో కనిపించి చెప్పిందట. పైడమ్మను చూసి కర్ర కింద పడేశాడు.

"పైడప్పా, నిన్ను ఉరితీసీసినారన్నారు."

అసిరయ్య ఊరూ పేరూ మార్చుకుని, మూడో గుహ ఉన్న కొండ మీదే మేకలు కాసుకుంటూ ఉండిపోయాడు. డాక్టరు పోయాడనీ, నాయకురాలు పోయిందనీ విన్నాడు. లేపే మందు లేదు. అలాగని ఆ జనాన్ని వదిలి వెళ్లడానికి మనసొప్పలేదు.

"ముప్పై యేళ్లూ ఏటి సేసినావు?" అంది పైడమ్మ.

"ఏటి సేత్తాను? పొద్దున్నే మేకల్ని తోలీవోణ్ణి. ఎండెక్కినాక గుహలో సల్లగుంటదని ఎల్లి కూకునీవోణ్ణి. మడిసన్నోడు ఎవులితోటో ఒకలితోటి మాటాడాల గదా. ఆలతోటే మాటాడీవోణ్ణి. వాన పడిందనీ, ఫలానా మేక ఈనిందనీ..." సిగ్గుపడి నవ్వాడు. "పిచ్చోణ్ణి అనుకోకు."

హైమవతి తల పక్కకు తిప్పుకుంది. పైడమ్మ ముసలాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, చెప్పవలసింది చెప్పింది.

"అన్నీ ఇన్నారా?"

"అన్నీ."

"ఓలమ్మ," అన్నాడు అసిరయ్య. పెళ్లాం లేచిపోయిన సంగతి, దాహానికి పక్క మందలో పాలు దొంగతనంగా పితికిన సంగతి, చావాలని ఒకసారి లోయ అంచుదాకా వెళ్లి వచ్చిన సంగతి కూడా గుహలో వాళ్లకు చెప్పేసి ఉన్నాడు. కండువాతో ముఖం కప్పుకున్నాడు.

మూడో గుహలో అరవై ఒక్క మంది. ఈసారి తొట్టెను కొండ మీదికే మోసుకెళ్లారు. మొదట చిలకమ్మను లేపమని పైడమ్మ అడగలేదు. అసిరయ్యే పిల్లను ఎత్తుకొచ్చాడు.

మట్టి కరిగింది. చిన్న ముఖం బయటపడింది. పైడమ్మ ఆ ముఖాన్ని ప్రతి రోజూ తలచుకుంటూ ఉంది, అయినా గడ్డం కింద పుట్టుమచ్చ ఉన్న సంగతి మరిచిపోయింది. నాలుగు గంటల తర్వాత పిల్ల దగ్గింది. కళ్లు తెరవలేదు. ముందు విన్నది. పక్కన అసిరయ్య కూడా దగ్గాడు. పిల్ల తల అటు తిరిగింది.

"తాతా, ఎర్రమేక ఈనిందా?"

అసిరయ్య భోరుమన్నాడు. "ఈనింది బంగారూ. రెండు పిల్లలు."

పిల్ల చెయ్యి చాచి ఆయన ముఖం తడిమింది. ఆ తర్వాతే కళ్లు తెరిచింది. ఆరేళ్ల ముఖంలో ఆ చూపు ఆరేళ్లది కాదు. పైడమ్మ మూడడుగుల దూరంలో ఉంది. మాట్లాడాలంటే భయం వేసింది. సైన్యం ముందు కూడా అంత భయపడలేదు. చివరికి, "సిలకా," అంది.

పిల్ల అలాగే చూసింది. ఏడవలేదు. చెవులు మూసుకోలేదు.

"నీ గొంతు నాకెరికే. వాన పడగానే వొస్తానన్నావు. తాత వానలు లెక్కెట్టినాడు. ముప్పై యొక్కటి."

"అవును," అంది పైడమ్మ. జైలు సంగతి నోటిదాకా వచ్చింది. అది చెప్పుకోలేదు. "నాను రానేదు."

అరవై ఒక్క మందిలో అరవై మంది లేచారు. ఎవరూ ఎక్కడికీ పోలేదు. అసిరయ్య మేకల దొడ్డి చుట్టూనే పాకలు వేసుకున్నారు. ఆయన ముందు నడుస్తుంటే వెనకే నడిచేవాళ్లు. మాట్లాడుతుంటే పనులు ఆపి వినేవాళ్లు. పైడమ్మ కట్టెలు కొట్టేది, నీళ్లు మోసేది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. ఏం చేద్దామని అడగనూ లేదు. చిలకమ్మ అసిరయ్య పాకలోనే పడుకునేది.

ఒక రోజు మధ్యాహ్నం పైడమ్మ నీళ్ల కావిడి దించుతుంటే పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది.

"గుహలు మూడని తాత సెప్పేవోడు. రెండో గుహలోవోలు ఏరి?"

"కొండ కూలిపోనాదమ్మా."

"అందరి మీదా?"

పైడమ్మ కావిడి కింద పెట్టేసింది. రాళ్లు చూసి వెనుదిరిగిందే గాని, ఆ ప్రశ్న తనను తాను అడగలేదు.

"ఆలతోటి ఎవులు మాటాడతన్నారు?" అంది పిల్ల.

మర్నాటి ఉదయానికి పైడమ్మ గునపంతో ఆ రాళ్ల దగ్గర ఉంది. పిల్ల కూడా వస్తానంటే అసిరయ్య తోడు వచ్చాడు. రాళ్ల మధ్య చెయ్యి పట్టేంత సందు ఒకటి ఉంది. పైడమ్మ దానిలోకి వంగబోతే పిల్ల ఆపింది.

"నువ్వొద్దు. నీ గొంతుకి బయపడతారు. నాను సెప్తాను."

బోర్లా పడుకుని సందులో నోరు పెట్టి ఎర్రమేక సంగతి మొదలుపెట్టింది. పైడమ్మ నోరు మూసుకుని తవ్వింది.

తవుడు మూడో రోజున వచ్చాడు. గనుల్లో దూలాలు నిలబెట్టే పని తెలిసిన ఇద్దరు మనుషులను హైమవతి పంపింది. మేకల దొడ్డి నుంచి ముప్పై మంది వచ్చారు. తర్వాత ఒక సాయంత్రం సూరమ్మ గుట్ట ఎక్కి వచ్చింది. వెనక నలుగురున్నారు. పైడమ్మ వైపు చూడకుండా పలుగు అందుకుంది. వారం తిరిగేసరికి, మైదానాల్లోకి వెళ్లిపోయినవాళ్లు ఒకళ్లిద్దరుగా తిరిగి రాసాగారు. చివరికి మాట రాని పదకొండు మంది కూడా రాళ్లు అందుకునే వరసలో నిలబడ్డారు. పైడమ్మ ఒక్కరినీ పిలవలేదు. ఎవరు ఎక్కడ తవ్వాలో కూడా చెప్పలేదు. ఆమె చేతులు బొబ్బలెక్కి పగిలితే సూరమ్మ తన తలగుడ్డ చింపి కట్టింది.

చిలకమ్మ మాత్రం రోజంతా సందు దగ్గరే ఉండేది. అలిసిపోతే మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేది.

నలభై మూడో రోజున దారి పడింది. కప్పు చాలా భాగం కూలింది. నలభై ఒక్క మంది రాళ్ల కింద నలిగిపోయారు. వాళ్లను ఒక్కొక్కరినీ పైకి తెచ్చి, పేర్లు పోల్చుకుని, కొండవాలులో పూడ్చారు. వెనక గోడ పక్కన ఒక పెద్ద బండ వాలుగా నిలిచిపోయింది. దాని కింద పదిహేడు మట్టిదిబ్బలు పగలకుండా ఉన్నాయి. ఆ పదిహేడు మందిలో పద్నాలుగు మంది లేచారు.

మొదట లేచింది గౌరునాయుడి భార్య నరసమ్మ. పైడమ్మ తలెత్తకుండా ఆమె పాదాల మట్టి కడుగుతోంది. తొట్టె చుట్టూ దొంతికొండ జనమంతా నిలబడి ఉన్నారు. అంతమంది ఒక్కచోట చేరడం ముప్పై ఒక్క ఏళ్లలో అదే మొదలు. అయినా నరసమ్మ ఎవరి ముఖమూ చూడలేదు.

"ఈ మజ్జిని ఒక పిల్ల మాటాడతంది," అంది. "మేకల గురించి. ఎవుల పిల్లది?"

అసిరయ్య పైడమ్మ వైపు చూశాడు. చిలకమ్మ కూడా చూసింది.

పైడమ్మ నీళ్లలోంచి చేతులు తీసింది.

"నా కూతురు," అంది.